మన రక్తంలో ఎవరి డ్యూటీ ఏంటి?

వానలు మొదలయ్యాయంటే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఓ మెసేజ్ చక్కర్లు కొడుతుంది: ‘అర్జెంట్... డెంగీ పేషెంట్... ప్లేట్‌లెట్స్ కావాలి’. చీపురుపల్లి అయినా చికాగో అయినా ఫార్వర్డ్ చేసేస్తాం. మరి ప్లేట్‌లెట్స్ అంటే ఏంటి? అవి అంత అర్జెంటుగా ఎందుకు కావాలి? ఇది తెలియాలంటే రక్తంలో ఎవరెవరు ఏ పని చేస్తున్నారో చూడాలి.

పసుపు నీళ్లదే సగం వాటా

పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. గడ్డకట్టకుండా మందు కలిపి, మెషిన్‌లో గిర్రున తిప్పితే పొరలుగా విడిపోతుంది. పైన తేలే లేత పసుపు ద్రవమే ప్లాస్మా. రక్తంలో దాదాపు 55 శాతం ఇదే. ఇందులో ఎక్కువ భాగం నీళ్లే. తిన్న అన్నం నుంచి వచ్చిన గ్లూకోజ్‌ని కణాలకు చేర్చేదీ, యూరియాలాంటి చెత్తని కిడ్నీల దాకా మోసేదీ ఇదే. ఆ నీళ్లు రక్తనాళాల్లోంచి జారిపోకుండా అల్బుమిన్ అనే ప్రోటీన్ పట్టి ఉంచుతుంది.

గరివిడి ఇనుము, ఒంట్లో ఇనుము

అడుగున చేరేవి ఎర్ర రక్తకణాలు. ఒక్కో కణం సుమారు 120 రోజులు బతుకుతుంది. లోపలున్న హిమోగ్లోబిన్ ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్‌ని అందుకుని ఒళ్లంతా పంచుతుంది. ఆక్సిజన్‌ని పట్టుకునేది అందులోని ఇనుము. చీపురుపల్లి పక్కనే గరివిడిలోని ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ పేరు విన్నారు కదా, ఫెర్రో అల్లాయ్స్‌లో ఉండే ఇనుమూ ఇదీ ఒకటే మూలకం. కాకపోతే మన ఒంట్లో మొత్తం కలిపినా 3, 4 గ్రాములే. అది తగ్గిందా... మెట్లెక్కితే ఆయాసం, ఎప్పుడూ నీరసం. ఆకుకూరలు, చోళ్లు, పప్పులు, మాంసం తినాలి. ఆకుకూర మీద నిమ్మరసం పిండితే ఇనుము బాగా ఒంటబడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే మాత్రం అది తగ్గిపోతుంది.

ఇనుమొక్కటే చాలదు. కొత్త కణాలు తయారవ్వాలంటే ఫోలిక్ యాసిడ్ కూడా కావాలి. దాన్ని 1940ల్లో అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు ఎవరో తెలుసా? భీమవరంలో 1895లో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఇప్పుడు ఉండేది ఆ ఫోలిక్ యాసిడే.

కణం కొడవలైతే?

మామూలుగా ఎర్ర కణం గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. సికిల్ సెల్ ఉన్నవాళ్లలో అది కొడవలిలా వంగి, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. భరించలేని నొప్పులు వస్తాయి. మన మన్యం గిరిజన కుటుంబాల్లో కనిపించే జబ్బు ఇది. తల్లిదండ్రులిద్దరిలో ఆ జన్యువు ఒక్కోటి ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ 25 శాతం ముప్పు. అందుకే 2023 జులైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. లక్ష్యం 2047. పెళ్లికి ముందు జాతకాలతో పాటు ఈ టెస్టు కూడా చూసుకుంటే మంచిది.

సైనికులు, మేస్త్రీలు

తెల్ల కణాలు మన సైన్యం. మైక్రోలీటర్ రక్తంలో 4 వేల నుంచి 11 వేల దాకా ఉంటాయి. కొన్ని క్రిముల్ని మింగేస్తాయి, కొన్ని యాంటీబాడీలు తయారుచేస్తాయి. ప్లేట్‌లెట్స్ మేస్త్రీల్లాంటివి. ఎక్కడ తెగినా పరుగెత్తుకెళ్లి అడ్డుకట్ట వేస్తాయి. వీటి కౌంట్ లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల మధ్య ఉండాలి.

డెంగీలో అసలు భయం ఇదీ

కౌంట్ లక్షకి దిగగానే ఇంటిల్లిపాదీ బెంబేలెత్తుతారు. కానీ రక్తస్రావం లేకపోతే, సాధారణంగా 10 వేల దరిదాపులకు పడిపోతే గానీ ప్లేట్‌లెట్స్ ఎక్కించాల్సిన పనిరాదు. డెంగీలో పెద్ద ప్రమాదం ప్లాస్మాది. జ్వరం తగ్గుతోందని ఊపిరి పీల్చుకునే సమయంలోనే అది రక్తనాళాల్లోంచి కారిపోవచ్చు. బీపీ పడిపోతుంది. విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత... వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ సొంతంగా వేసుకోవద్దు.

ఒక్కరిస్తే ముగ్గురికి

మీరిచ్చిన ఒక్క యూనిట్ రక్తాన్ని ఎర్ర కణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్స్‌గా విడదీసి ముగ్గురికి వాడొచ్చు. ఎర్ర కణాలు ఫ్రిజ్‌లో 42 రోజుల దాకా నిల్వ ఉంటాయి. గడ్డకట్టించిన ప్లాస్మా ఏడాది ఉంటుంది. ప్లేట్‌లెట్స్ మాత్రం 5 రోజులే! ముందే దాచిపెట్టుకోవడం కుదరదు కాబట్టే ఆ అర్జెంట్ మెసేజులు.

18 ఏళ్లు నిండి, 45 కిలోల బరువు, 12.5 హిమోగ్లోబిన్ ఉంటే మీరూ రక్తం ఇవ్వొచ్చు. మగవాళ్లు 3 నెలలకోసారి, ఆడవాళ్లు 4 నెలలకోసారి. తీసేది బరువును బట్టి 350 లేదా 450 మిల్లీలీటర్లే. పోయిన ప్లాస్మా ఒకట్రెండు రోజుల్లో, కణాలు కొన్ని వారాల్లో తిరిగి వచ్చేస్తాయి. పుట్టినరోజుకి కేక్ ఎలాగూ కోస్తారు. ఈసారి దానికి ముందు ఓ గంట బ్లడ్ బ్యాంక్‌కి వెళ్లి రండి.