బ్రెయిన్ రాట్

పొయ్యి మీద పాలు పెట్టి ఫోన్ తీస్తాం. పదో రీల్ దగ్గర మాడు వాసనకి తేరుకుంటాం. పసలేని వీడియోలు అదేపనిగా చూడగా చూడగా బుర్ర మొద్దుబారిపోవడాన్నే 'బ్రెయిన్ రాట్' అంటున్నారు. మెదడు కుళ్లు అన్నమాట. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్లు 2024కి మేటి పదంగా దీన్నే ఎంచారు. వైద్యులు చీటీ మీద రాసే జబ్బు పేరు మాత్రం కాదిది.

మాట కొత్తదేం కాదు. 1854లోనే అమెరికా రచయిత హెన్రీ డేవిడ్ థోరో 'వాల్డెన్'లో వాడాడు. ఇంగ్లండ్‌లో బంగాళాదుంపల కుళ్లుకు మందు వెతుకుతున్నారు సరే, మెదడు కుళ్లు సంగతేమిటని ఆయన బాధ. అప్పటికి రీల్స్ లేవు మరి!

పుస్తకమైతే చివరి పేజీ వస్తుంది, మూసేస్తాం. ఫోన్‌లో వీడియోల ఫీడ్‌కి అడుగే తగలదు. వేలు జరిపితే మరోటి సిద్ధం. తమాషా ఏమిటంటే, 'బ్రెయిన్ రాట్' అన్న పదాన్ని టిక్‌టాక్‌లో ఊరంతా తిప్పింది ఆ వీడియోల్లో మునిగి తేలే కుర్రకారే.