యంత్రమూ అప్పూ ఒకే ఇంటివి

విజయనగరంలోగాని శ్రీకాకుళంలోగాని ట్రాక్టర్లు అమ్మే దుకాణానికి వెళ్ళిన రైతుకు సాధారణంగా రెండు బల్లలు కనబడతాయి. మొదటి బల్ల దగ్గర యంత్రం ధర చెపుతారు. రెండవ బల్ల దగ్గర ఆ ధరను వాయిదాలలో ఏ విధంగా చెల్లించవచ్చునో చెపుతారు. ఈ రెండవ బల్లకు ఎన్నో బ్యాంకుల మనుషులు, ఎన్నో కంపెనీల మనుషులు వస్తూ ఉంటారు. వారిలో ఒకరు, యంత్రాన్ని తయారుచేసిన ఇంటివారే పెట్టిన అప్పుల కంపెనీ మనిషి కావడం కద్దు. ఇనుము కరిగించి యంత్రాలు చేసేవారికి వడ్డీ వ్యాపారంతో పని ఏమిటి? ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకుంటే, రెండవ బల్ల ముందు కూర్చున్నప్పుడు ఏమి అడగవలసి ఉన్నదో కూడా తెలుస్తుంది.

ఈ పద్ధతి కొత్తది కాదు. 1850ల నడుమ అమెరికాలో సింగర్ కంపెనీ కుట్టుమిషనులను వాయిదాల మీద అమ్మడం మొదలుపెట్టింది. మిషను కొనగల డబ్బు ఒక్కసారిగా ఏ దర్జీ చేతిలోనూ ఉండదు. కాని మిషను చేతికి వస్తే, ఆ మిషనే తన ధరను సంపాదించి పెట్టగలదు. ఈ ఒక్క ఊహ మీదనే తరువాతి కథ అంతా నడిచింది. 1919లో జనరల్ మోటార్స్ సంస్థ, తన కార్లు కొనేవారికి అప్పులివ్వడానికి ప్రత్యేకంగా ఒక కంపెనీని స్థాపించింది. అప్పుచేసి కారు కొనడం హెన్రీ ఫోర్డ్‌కు గిట్టలేదు. 1923లో ఆయన కంపెనీ మరొక పథకం పెట్టింది: వారం వారం కొంత దాచుకోండి, ధర పూర్తి అయిన నాడు కారు తీసుకువెళ్ళండి. నీతి దృష్టితో చూస్తే ఫోర్డ్ మాటే మేలైనది. కాని జనం వేచి ఉండలేదు. ఇదొక్కటే కారణం కాకపోయినా, ఆ దశాబ్దం ముగిసేలోగా ఫోర్డ్ కంపెనీ కూడా అప్పులిచ్చే సంస్థను పెట్టుకోక తప్పలేదు.

మన దేశంలో లారీలకు, బస్సులకు వాయిదాల మీద సొమ్ము సమకూర్చే వ్యాపారానికి 1954లో మద్రాసులో టి.వి.యస్. కుటుంబంవారు స్థాపించిన సుందరం ఫైనాన్స్ దారితీసింది. ట్రాక్టర్ల విషయంలో చెప్పుకోదగినది మహీంద్రా సంస్థ. 1963లో ట్రాక్టర్ల తయారీకి పూనుకున్న ఈ సంస్థకు తెలంగాణాలోని జహీరాబాదులో కూడా కర్మాగారం ఉన్నది. 1991లో వేరొక పేరుతో నమోదై, తరువాత మహీంద్రా ఫైనాన్స్‌గా ప్రసిద్ధి కెక్కిన కంపెనీలో సగానికి మించిన వాటాలు ఈ సంస్థవే. మొదట తమ ఇంటి వాహనాలకే అప్పులిచ్చినా, తరువాత ఇతరుల వాహనాలకు కూడా ఇవ్వసాగింది.

మన ఉత్తర జిల్లాలలో ఇటువంటి అప్పుకు గిరాకీ ఎందుకున్నదో వేరే చెప్పనక్కరలేదు. నాగావళి, వంశధార కాలువల కిందనైనా, మెట్ట చెరువుల కిందనైనా, చాలామందికి చేతినిండా డబ్బు కనబడేది ఖరీఫు వరి కల్లంలో నూర్చిన తరువాతనే. బ్యాంకువారు అప్పిస్తే వడ్డీ తక్కువ; కాని పొలం కాగితాలు అడుగుతారు. కౌలుకు చేసుకునేవానికి ఆ కాగితాలెక్కడివి? అప్పుల కంపెనీ మనిషి ఇంటికే వస్తాడు, యంత్రాన్నే హామీగా తీసుకుంటాడు, వాయిదాలను నెలనెలా కాక పంటకొక్కటిగా కూడా ఏర్పాటు చేస్తాడు. ఈ సౌకర్యాన్ని చిన్నచూపు చూడడం న్యాయం కాదు. దమ్ముకు, నూర్పుకు, ఇసుక తోలకానికి ట్రాక్టరును కిరాయికి తిప్పి నిలదొక్కుకున్న కుటుంబాలు ఈ జిల్లాలలో కనబడుతూనే ఉన్నాయి.

సౌకర్యానికి వెల ఉన్నది. ఆ వెల ఎంతో తెలియకపోవడమే చిక్కు. చీపురుపల్లి ప్రాంతంలో ఒక రైతు, తన అప్పుకు "నూటికి ముప్పావలా కూడా పడలేదండి" అని నాతో సంతోషంగా అన్నాడు. ఆయనకు చెప్పిన వడ్డీ సంవత్సరానికి 8 శాతం. ఊరి లెక్కలో అది నెలకు నూటికి 66 పైసలే. కాని అది అసలంతటి మీద అప్పు తీరేదాకా మారకుండా వేసే వడ్డీ. సులువైన అంకెలతో ఒక లెక్క చూద్దాము. 5 లక్షల అప్పు, 5 సంవత్సరాల గడువు, 8 శాతం చొప్పున 2 లక్షల వడ్డీ. మొత్తం 7 లక్షలు. ఆరు నెలలకు 70,000 చొప్పున 10 వాయిదాలు. ప్రతి వాయిదాలోను 50,000 అసలుకు, 20,000 వడ్డీకి పోతున్నవనుకోండి. చివరి ఆరు నెలలకు మిగిలిన అసలు 50,000 మాత్రమే. వడ్డీ మాత్రం అదే 20,000! తగ్గుతున్న బాకీ మీద మాత్రమే వడ్డీ వేస్తే ఈ వాయిదాలు 13 శాతం పైబడిన అప్పుతో సమానమవుతాయి. అంటే ఊరి లెక్కలో నూటికి రూపాయి పది పైసలు. ఆయనతో కూర్చుని ఈ లెక్క వేసినప్పుడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "ముందు తెలిస్తే ఇంకొక చోట కూడా అడిగి ఉందును" అన్నాడు.

1 అక్టోబరు 2024 నుండి ఇటువంటి అప్పు ఇచ్చే ముందు, అన్ని ఖర్చులూ కలిపిన అసలైన వార్షిక రేటును చూపే ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉన్నది. అది అప్పు తీసుకునేవానికి అర్థమయ్యే భాషలో ఉండాలి. కాబట్టి తెలుగులో కావాలని అడగడం మొహమాటపడవలసిన విషయం కాదు.

కంపెనీలు ఇంత వడ్డీ ఎందుకు తీసుకుంటాయంటే, వాటికీ డబ్బు ఊరికే రాదు. అవి బ్యాంకుల నుండి అప్పు తెస్తాయి, డిబెంచర్లు అమ్ముతాయి, కొన్ని ప్రజల నుండి డిపాజిట్లు కూడా సేకరిస్తాయి. (ఈ డిపాజిట్లకు బ్యాంకు డిపాజిట్లకు ఉన్న బీమా లేదని మదుపు చేసేవారు గుర్తుంచుకోవాలి.) ఈ వ్యాపారం కర్మాగారాన్నే మింగబోయిన సందర్భమూ ఉన్నది. అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ 1932లో గృహోపకరణాలకు వాయిదాల అప్పులివ్వడానికి పెట్టిన చిన్న సంస్థ, కాలక్రమాన విమానాలకు, భవనాలకు అప్పులిచ్చేంత పెద్దదై, 2008 నాటి ఆర్థిక సంక్షోభంలో మాతృసంస్థనే కష్టాలలోకి ఈడ్చింది. 2015లో దానిలో అధికభాగాన్ని అమ్మివేస్తున్నట్లు ఆ సంస్థ ప్రకటించింది.

మన రైతుకు కష్టం మరొక తోవన వస్తుంది. 11 అక్టోబరు 2018న తిత్లీ తుఫాను పలాస వద్ద తీరం దాటి, ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. తోట మళ్ళీ కాపుకు రావడానికి సంవత్సరాలు పడుతుంది. వాయిదా తేదీ మాత్రం ఆగదు. ఇటువంటప్పుడు వాయిదా తప్పిన తరువాత కాక, తప్పకముందే గడువు మార్చమని రాతమూలకంగా కోరి, ఆ ఉత్తరం నకలు దగ్గర ఉంచుకోవాలి.

వసూలుకు కూడా హద్దులున్నాయి. ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తరువాత బాకీ కోసం ఫోను చేయరాదు, బెదిరించరాదు. 2022 సెప్టెంబరులో జార్ఖండ్‌లోని హజారీబాగ్ జిల్లాలో, వాయిదా బాకీపడిన ట్రాక్టరును తీసుకుపోతుండగా ఒక రైతు కుమార్తె, గర్భవతి, దాని చక్రాల కింద పడి మరణించింది. కొద్దిరోజులకే, 22వ తేదీన, బయటి ఏజెంట్ల ద్వారా వసూళ్ళు నిలిపివేయవలసిందిగా రిజర్వు బ్యాంకు మహీంద్రా ఫైనాన్స్‌ను ఆదేశించింది. ఆ నిషేధాన్ని 2023 జనవరిలో ఎత్తివేశారు.

ఇక చివరి వాయిదా కట్టిన తరువాతి సంగతి. అప్పు ఉన్నంతకాలం బండి రిజిస్ట్రేషను పత్రంలో అప్పిచ్చినవారి పేరు ఉంటుంది. బాకీ తీరినంత మాత్రాన ఆ పేరు దానంతటది చెరిగిపోదు. కంపెనీ నుండి బాకీ లేదన్న పత్రమును, వారు సంతకం చేసిన 35వ నంబరు ఫారమును తీసుకుని రవాణా కార్యాలయంలో దాఖలు చేయాలి. చీపురుపల్లి రైతు బాకీ తీర్చి రెండేళ్ళయినా ఈ పని చేయలేదు. బండి అమ్మబోయిన నాడు, కొనవచ్చినవాడు పత్రం చూసి తిరిగిపోయాడట.