గోరంత రంగు.. కొండంత చర్చ

ఆపరేషన్ థియేటర్‌లో పనిచేసే నర్సుల గోళ్లకు రంగు ఉండరాదన్న నియమం అనేక ఆస్పత్రుల్లో ఏళ్ల తరబడి అమలులో ఉంది. పెళ్లికో, పండుగకో వేసుకున్న రంగును మరునాడు విధులకు వచ్చేలోగా తుడిచివేయవలసిందే. లేకుంటే హెడ్‌నర్సు మందలింపు తప్పదు. బయటివారికి ఇది చాదస్తంగా తోచవచ్చు. ఎలాగూ చేతులకు గ్లౌజులు తొడుక్కుంటారు కదా, లోపల ఏ రంగు ఉంటే రోగికేమి నష్టమన్న ప్రశ్న సహజం. అయితే దీనికి వైద్యశాస్త్రం ఇస్తున్న సమాధానం అంత సూటిగా లేదు.

చేతిమీద సూక్ష్మక్రిములు అత్యధికంగా తిష్ట వేసేది అరచేతిలో కాదు, గోటికింది సందులో. సబ్బు, నీరు సరిగా చేరని చోటు అది. చేతిపై ఉండే క్రిములు రెండు రకాలు. రోగులనో, వస్తువులనో తాకినప్పుడు అంటుకునేవి శుభ్రంగా కడిగితే పోతాయి. చర్మంలోనే స్థిరనివాసం ఏర్పరచుకున్నవి ఎంత కడిగినా తగ్గుతాయే తప్ప పూర్తిగా పోవు. గ్లౌజు లోపలి వెచ్చదనానికి, చెమటకు ఇవి మళ్లీ వృద్ధి చెందుతాయి. సూది మొన తగిలో, ఎముక అంచు గీసుకునో గ్లౌజుకు కంటికి కనిపించనంత రంధ్రం పడితే కోసిన గాయంలోకి వాటికి దారి దొరికినట్లే. గ్లౌజు తొడుక్కునే ముందు చేతులను అంత శ్రద్ధగా కడగడంలోని ఆంతర్యం ఇదే.

అసలు శస్త్రచికిత్సల్లోకి రబ్బరు గ్లౌజు వచ్చింది రోగి కోసం కాదు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో కరోలిన్ హాంప్టన్ అనే నర్సు చేతులు క్రిమిసంహారక ద్రావణం వల్ల పుండ్లు పడుతుండటంతో, సర్జన్ విలియం హాల్‌స్టెడ్ 1889-90 ప్రాంతంలో గుడ్‌ఇయర్ కంపెనీ చేత పలుచని గ్లౌజులు తయారు చేయించారు. 1890లో ఆమెను వివాహం చేసుకున్నారు కూడా! గ్లౌజులు రోగినీ కాపాడతాయన్న ఎరుక తరువాత కలిగింది.

సాక్ష్యం స్వల్పమే

గోళ్లరంగు విషయానికి వస్తే, ఈ అంశంపై వెలువడిన అధ్యయనాలను అంతర్జాతీయ సంస్థ కోక్రేన్ సమీక్షించింది. 2014లో సవరించిన ఆ సమీక్షకు దొరికినది కేవలం ఒక్క చిన్న ప్రయోగం. అందులో పాల్గొన్నది 102 మంది నర్సులు. రంగు లేనివారు, తాజాగా వేసుకున్నవారు, పాతబడిన రంగు ఉన్నవారు అని వారిని విభజించి, గోళ్లపై బ్యాక్టీరియాను లెక్కించారు. ఈ మూడు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా ఉన్నట్లు నిరూపణ కాలేదు. ఇక రంగు వేసుకున్న నర్సు పాల్గొన్న ఆపరేషన్‌లో రోగి గాయానికి చీము పట్టే అవకాశం పెరుగుతుందా అన్న అసలు ప్రశ్నకు ఆ ప్రయోగం సమాధానం వెతకనే లేదు.

అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2002లో విడుదల చేసిన మార్గదర్శకాలు కొంత స్పష్టతనిచ్చాయి. కొత్తగా వేసిన రంగు వల్ల గోళ్ల చుట్టూ బ్యాక్టీరియా పెరగదని, పెచ్చులూడిన రంగు మాత్రం అధిక సంఖ్యలో క్రిములకు ఆశ్రయం కావచ్చని అందులో పేర్కొన్నారు. ఆస్పత్రి ఉద్యోగుల గోళ్లు ఎన్నిసార్లు తడుస్తాయో, ఎన్నిసార్లు రుద్దబడతాయో తెలిసినవారికి ఆ రంగు ఎన్నాళ్లు చెక్కుచెదరకుండా నిలుస్తుందో వేరుగా చెప్పనక్కరలేదు. పైగా గోటికింద మట్టి ఉన్నదీ లేనిదీ ముదురు రంగు కనబడనీయదు.

అసలు చిక్కు పొడవుతోనే

అనుమానం బలంగా ఉన్నది రంగుపై కాదు. పొడవాటి గోళ్లపై, అతికించుకునే కృత్రిమ గోళ్లపై. అమెరికాలోని ఓక్లహోమా సిటీలో నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ విభాగంలో 1997-98లో జరిగిన విషాదమే ఇందుకు ఉదాహరణ. అది ఆపరేషన్ థియేటర్ కాకపోయినా పాఠం మాత్రం ఒక్కటే. పదిహేను నెలల వ్యవధిలో అక్కడ చేరిన 439 మంది శిశువుల్లో 46 మందికి సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా సోకింది. వారిలో 16 మంది మరణించారు. దర్యాప్తులో ఇద్దరు నర్సుల చేతులపై ఆ క్రిమి ఆనవాళ్లు లభించాయి. ఒకరివి పొడవాటి సహజమైన గోళ్లు, మరొకరివి పొడవాటి కృత్రిమ గోళ్లు. మరణాలన్నిటికీ అవే కారణమని తేల్చకపోయినా, వాటి పాత్ర ఉండి ఉండవచ్చని పరిశోధకులు భావించారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాల ప్రకారం రోగులను తాకే సిబ్బంది కృత్రిమ గోళ్లు ధరించరాదు. సహజమైన గోళ్ల కొనలు అర సెంటీమీటరు మించరాదు. శస్త్రచికిత్సకు చేతులు కడిగే ముందు ఉంగరాలు, గడియారాలు, గాజులు తీసివేయాలి. పారే నీటికింద గోళ్ల సందులు శుభ్రం చేయాలి. క్రిమిసంహారక సబ్బుతో రెండు నుంచి ఐదు నిమిషాలు కడిగితే చాలు. ఒకప్పటిలా పది నిమిషాల పాటు బ్రష్షుతో తోమనక్కరలేదు. అలా తోమితే చర్మం చిట్లి క్రిములు మరింతగా రాలుతాయి.

ఈ నియమాల్లో ఆడామగా తేడా లేదు. అయినా నర్సు గోళ్లరంగును క్షణంలో పసిగట్టే కళ్లకు పురుష సిబ్బంది చేతి ఎర్రదారాలు, జాతకరీత్యా ధరించిన రాళ్ల ఉంగరాలు, ముచ్చటగా పెంచుకున్న చిటికెనవేలి గోరు కనబడకపోవడం కద్దు. తడి ఆరని దారం కన్నా తాజా రంగే ప్రమాదకరమని ఏ పరిశోధనా చెప్పలేదు. రంగు తుడవమనడంలో తప్పులేదు. ఖర్చులేని జాగ్రత్త అది. అదే కొలత అందరి చేతులకూ వర్తించాలి.

రోగులనూ గోళ్లరంగు తీసి రమ్మంటారు కానీ అందుకు కారణం వేరు. రక్తంలో ఆక్సిజన్ శాతం కొలిచే క్లిప్పును వేలికొనకే తగిలిస్తారు. ముదురు రంగులు కొన్నిసార్లు ఆ కాంతికి అడ్డు తగులుతాయి. ఆక్సిజన్ తగ్గి గోళ్లు నీలిబారితే వైద్యుని కంటికి తెలియాలి కూడా. గోరింటాకు అలా తుడిస్తే పోయేది కాదు. ఆపరేషన్ నాటికి చేతులకు నల్లటి మెహందీ ఉన్నవారు ఆ సంగతి మత్తుమందు వైద్యులకు ముందే చెబితే, క్లిప్పును చెవి తమ్మెకో, కాలివేలికో అమరుస్తారు.