గట్టి లెన్సుకు పవర్ ఒక్కటే చాలదు, కార్నియా వంపు తెలియాలి

గట్టి కాంటాక్ట్ లెన్సు అనగానే మనవాళ్లు ముందు అడిగేది పవర్ ఎంత అని. బ్రిటన్‌లో ఆప్టీషియన్లు ఆర్‌జీపీ (రిజిడ్ గ్యాస్ పర్మియబుల్) అని పిలిచే ఈ లెన్సుకు అంతకంటే ముందు తేలాల్సింది కార్నియా ఆకారం. కనుపాపకు ముందుండే ఈ పారదర్శక పొర సంగతి తెలియకపోవడం వల్లే ఈ అపోహలన్నీ.

అపోహ: కళ్లద్దాల చీటీ ఉంటే ఆన్‌లైన్‌లో లెన్సు తెప్పించుకోవచ్చు.

వాస్తవం: కుదరదు. కళ్లద్దం కంటికి దూరంగా ఉంటుంది, లెన్సు కన్నీటి పొర మీద తేలుతుంది. పవర్‌తో పాటు బేస్ కర్వ్ అనే వెనకవైపు వంపు, వ్యాసం కూడా సరిపోవాలి. కార్నియా వంపు వ్యాసార్ధం సగటున 7.8 మి.మీ. లెన్సు వంపు 0.05 మి.మీ. మారినా కావలసిన పవర్ దాదాపు 0.25 డయాప్టర్లు మారిపోతుంది. ఎందుకంటే లెన్సుకూ కార్నియాకూ మధ్య నిలిచిన కన్నీరు తానే ఒక లెన్సులా పనిచేస్తుంది. బ్రిటన్‌లో 1989 ఆప్టీషియన్ల చట్టం లెన్సు అమర్చే పనిని రిజిస్టరైన నిపుణులకే అప్పగించింది.

అపోహ: సిలిండర్ పవర్ ఉన్నవాళ్లకు గట్టి లెన్సు పనికిరాదు.

వాస్తవం: చాలామందికి ఇదే బాగా పనిచేస్తుంది. కార్నియా ఒక దిశలో ఎక్కువ, మరో దిశలో తక్కువ వంగి ఉంటే చూపు మసకబారుతుంది. గట్టి లెన్సు దాని మీద వంగిపోదు. కింద ఉన్న ఎగుడుదిగుళ్లను కన్నీరు నింపేస్తుంది, కాంతికి నున్నని లెన్సు ఉపరితలమే ఎదురవుతుంది. వంపుల తేడా బాగా ఎక్కువైతే వెనకవైపు కూడా రెండు వంపులున్న టోరిక్ లెన్సు కావాలి. లోపం కార్నియాలో కాక కంటి లోపలి కటకంలో ఉంటే మాత్రం మామూలు గట్టి లెన్సు దాన్ని సరిచేయలేదు.

కార్నియా ఆకారానికి తగ్గట్టు లెన్సు చేయడం నిన్నమొన్నటి ఆలోచన కాదు. 1845లోనే ఆంగ్ల శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ కార్నియా అచ్చు తీసి గాజు తొడుగు చేయవచ్చని రాశాడు. 1937లో బుడాపెస్ట్ నుంచి లండన్ వచ్చిన కంటి వైద్యుడు జోసెఫ్ డాలోస్ అప్పటికే బతికున్న కళ్ల మీదే అచ్చులు తీసి లెన్సులు చేసేవాడు.

అపోహ: కార్నియా బంతిలా గుండ్రం, ఒక్క కొలత చాలు.

వాస్తవం: మధ్యలో ఎక్కువ వంగి అంచులకు వెళ్లేకొద్దీ చదునవుతుంది. కెరటోమీటర్ చూసేది మధ్యనున్న సుమారు 3 మి.మీ. భాగాన్నే. మిగతా పటం కోసం టోపోగ్రఫీ చేస్తారు. ఆ తర్వాత ఫ్లోరెసిన్ రంగు వేసి నీలికాంతిలో చూస్తారు. కన్నీరు నిలిచినచోట ఆకుపచ్చగా మెరుస్తుంది, లెన్సు ఆనినచోట నల్లగా కనిపిస్తుంది. పరీక్షలో అసలు తీర్పు చెప్పేది ఈ బొమ్మే.

అపోహ: లెన్సు కదిలితే అమరిక తప్పినట్టే.

వాస్తవం: రెప్ప వేసినప్పుడల్లా ఒకటి రెండు మి.మీ. కదలాలి. అప్పుడే కింద కన్నీరు మారుతుంది. బిగుసుకుపోయిన లెన్సే ప్రమాదం.

అపోహ: కెరటోకోనస్‌ను గట్టి లెన్సు ఆపేస్తుంది.

వాస్తవం: మనం అందరికంటే జాగ్రత్తగా వినాల్సింది ఇదే. కార్నియా పలచబడి శంకువులా ముందుకు పొడుచుకొచ్చే జబ్బు ఇది. లెన్సు చూపును మెరుగుపరుస్తుంది, జబ్బును ఆపదు. మరీ చదునైన లెన్సు ఆ శిఖరాన్ని రాపిడి చేస్తుంది. అందుకే ముదిరినవారికి కార్నియాను తాకకుండా తెల్లగుడ్డు మీద కూర్చునే స్క్లెరల్ లెన్సు ఇస్తారు.

బ్రిటన్‌లోని లీస్టర్‌లో జరిగి 2000లో వెలువడిన అధ్యయనంలో ఈ జబ్బు తెల్లవారికంటే ఆసియా మూలాలవారిలో సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా కనిపించింది. దీన్ని నెమ్మదింపజేసేది క్రాస్‌లింకింగ్ చికిత్స. 10–16 ఏళ్ల పిల్లలపై బ్రిటన్‌లో జరిగిన కెరాలింక్ పరిశోధనలో, 18 నెలల్లో జబ్బు పెరిగినవారు మామూలు వైద్యం పొందినవారిలో 43 శాతం, క్రాస్‌లింకింగ్ చేయించుకున్నవారిలో 7 శాతం.

ఈ జబ్బు ముప్పు తగ్గాలంటే మీ పిల్లలు కళ్లు నులుముకోకుండా చూడండి. ఏటా సిలిండర్ పవర్ పెరుగుతుంటే కొత్త అద్దాలతో సరిపెట్టకండి. కార్నియా టోపోగ్రఫీ చేయించమని అడగండి.