మీకు తెలుసా? ఊదా గులాబీకి సంబంధం చూడాలంటే...

● చాలా ఊదా గులాబీల్లో ఊదా రంగు పదార్థమంటూ వేరే ఏదీ ఉండదని మీకు తెలుసా? శంఖుపూలకు నీలాన్నిచ్చే డెల్ఫినిడిన్‌ను గులాబీ తయారుచేసుకోలేదు. ఎర్ర గులాబీలో ఉండే సయనిడినే ఇందులోనూ ఉంటుంది. రేకు కణాల రసంలో పులుపు తగ్గి, ఫ్లేవనాల్స్ తోడైతే అదే మన కంటికి ఊదాగా కనిపిస్తుంది. బతుకమ్మ పేర్చేటప్పుడు సిరిసిల్లలోనైనా, జగిత్యాలలోనైనా తెల్ల గునుగును రంగునీళ్లలో ముంచి ఊదా చేసుకుంటారు. తోటలోని గులాబీకి ఆ వీలు లేదు, రంగు తల్లిదండ్రుల నుంచే రావాలి. జపాన్‌లో సంటోరీ కంపెనీ పాన్సీ జన్యువును గులాబీలోకి ఎక్కించి 2009లో ‘అప్లాజ్’ పేరుతో అమ్మకానికి పెట్టింది. నీలి గులాబీ అన్నారు గానీ, చూస్తే లేత ఊదాయే.

● ఊదా గులాబీల్లో అందగత్తె ‘స్టెర్లింగ్ సిల్వర్’. 1957లో అమెరికాలో గ్లాడిస్ ఫిషర్ తెచ్చిన రకం. రంగు బాగుంది, వాసన బాగుంది, మొక్కకే సత్తువ లేదు. అయినా రంగు మోజులో సంకరాలకు దాన్నే వాడుకుంటూ పోయారు. 1960ల్లో జర్మనీలో టాంటావ్ తీసిన ‘బ్లూ మూన్’ దాని వంశమే. మన ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థ (ఐఏఆర్‌ఐ) 1975లో ఇచ్చిన ‘నీలాంబరి’కి ఆ బ్లూ మూనే తల్లి. ఊదాకు మళ్లీ ఊదానే వెతికితే చివరికి అది మేనరికమే అవుతుంది. రంగు చిక్కబడుతుందేమో గానీ, ఆకు మీద నల్లమచ్చ తెగులుకు లొంగే గుణం రెండు వైపుల నుంచీ వస్తుంది.

● పేరుమోసిన ‘రాప్సడీ ఇన్ బ్లూ’కు తల్లి ఊదా రకమే కాదు! బ్రిటన్‌లో ఫ్రాంక్ కౌలిషా అనే ఔత్సాహికుడు దీన్ని తీశాడు. తల్లిగా ఎంచుకున్నది ‘సమ్మర్ వైన్’ అనే గులాబి రంగు తీగ రకం. బ్లూ మూన్ రక్తం తండ్రి వైపు, అదీ తాతముత్తాతల వరసలో ఉంది. 2003లో అక్కడ ‘రోజ్ ఆఫ్ ద ఇయర్’ ఇదే.

● రంగు ఒక వైపు నుంచి, సత్తువ ఇంకో వైపు నుంచి తెచ్చుకునే ఈ కిటుకు కోసం విదేశాల దాకా పోనక్కర్లేదు. జగిత్యాల పక్కన పొలాస పరిశోధన స్థానంలో వరి మీద చేసింది ఇదే. బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, బియ్యానికి పెట్టింది పేరు. కానీ ఉల్లికోడు సోకిందంటే పిలక గొట్టంగా మారి కంకి వేయదు. ఉత్తర తెలంగాణలో ఆ పురుగు బెడద ఎక్కువ. వరంగల్ రకం ‘కావ్య’ దాన్ని తట్టుకుంటుంది. ఈ రెంటినీ కలిపితే ‘జగిత్యాల సన్నాలు’ వచ్చాయి. తర్వాత వచ్చిన జేజీఎల్ 24423కు ఒక పక్క ఎంటీయూ 1010, ఇంకో పక్క నెల్లూరు రకం ఎన్ఎల్ఆర్ 34449. ఒకరిని గుణం చూసి, మరొకరిని ఒంట్లో సత్తువ చూసి తెచ్చుకోవడమన్నమాట. గులాబీలు పెంచేవాళ్లలో చాలామంది మొదటిదే చూస్తారు.

● కోరుట్ల, మెట్‌పల్లి వైపు పండే పసుపుకు అసలు సంబంధాలు చూడటమే కష్టం. దాని కణంలో క్రోమోజోములు మూడు సెట్లు, మొత్తం 63. సమంగా పంచుకోవడం కుదరక విత్తనం పడటం చాలా అరుదు. అందుకే కొమ్ములు నాటుతారు. గులాబీల్లోనూ ఇలాంటివున్నాయి: నల్లమచ్చను బాగా తట్టుకుంటుందని పేరున్న ‘నాకౌట్’ మూడు సెట్లదే. ఆరోగ్యం ఉంది కదా అని దాన్ని ఎంచుకుంటే కాయ కట్టక విసుగెత్తొచ్చు.

● ‘కార్డినల్ ద రిషెల్యూ’ లాంటి పాత ఊదా రకాలు ఏడాదికి ఒక్కసారే పూస్తాయి. వాటి పిల్లలూ చాలావరకు అంతే. మళ్లీ మళ్లీ పూసే గుణం సాధారణంగా మనవళ్లలో గానీ బయటపడదు.

● సంకరానికి చలికాలం మంచిది. రేపోమాపో విచ్చుకునే మొగ్గ రేకులు తీసేసి, పుప్పొడి తిత్తులు పగలకముందే చిన్న పట్టకారుతో ఒక్కొక్కటీ గిల్లేసి, కాగితం సంచి తొడగాలి. మర్నాడు కీలాగ్రం జిగటగా తడి తేలుతుంది. అప్పుడు బ్రష్‌తో తండ్రి పుప్పొడి అద్ది, తేదీ రాసి చీటీ కట్టాలి. కార్తీకంలో అద్దితే ఎండలు ముదరకముందే కాయ పండుతుంది. గింజల్ని తడిగుడ్డలో చుట్టి కొన్ని వారాలు ఫ్రిజ్‌లో ఉంచితేనే మొలకలు సరిగా వస్తాయి.

● నల్లమచ్చ శిలీంద్రం సోకాలంటే ఆకు కనీసం ఏడు గంటలు తడిగా ఉండాలి. అందువల్ల వానాకాలమే అసలు పరీక్ష. ఆ నెలల్లో మొలకలకు మందు కొట్టకండి. ఆకు రాల్చినవాటిని, పువ్వు ఎంత ముద్దొచ్చినా సరే, పీకేయండి. మిగిలిన నాలుగింటిలో ఊదా రంగు కోసం వెతకండి.