వేయించినా దుప్పి మాంసమే!

జన్నారం: ఎండలు ముదిరి వాగులు, కుంటలు అడుగంటాయంటే కవ్వాల అడవిలోని చుక్కల దుప్పులు నీళ్ల కోసం ఊళ్ల వైపు దిగుతాయి. చేల గట్ల మీద, బోరు కాలువల పక్కన వాటి గిట్టల గుర్తులు కనబడతాయి. వాటి వెనుకే ఉచ్చులూ పడతాయి. ఎక్కడో చెట్ల చాటున పోగులు వేస్తారు. తెల్లవారక ముందే ఓ పోగు సంచిలోనో, మోదుగాకుల పొట్లంలోనో ఇంటికి చేరుతుంది. పొయ్యి రాజేసి మూకుడు పెట్టే ఇల్లాలికి అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకపోదు. ఆ మూకుడే తమను కోర్టు మెట్లు ఎక్కించగలదన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

దుప్పి మాంసం వేపుడు ఈ ప్రాంతపు పాతతరం వారికి కొత్త కాదు. మేక మాంసంలో ఉన్నంత కొవ్వు దానిలో ఉండదు. నేరుగా నూనెలో వేస్తే బిరుసెక్కి తోలు ముక్కలా తయారవుతుంది. అందుకే ముందు ఉప్పు, పసుపు వేసి కొద్ది నీళ్లలో ఉడికించి, ఆ నీరు ఇగిరిన తరువాత నూనె కాస్త ఎక్కువ పోసి సన్నని సెగ మీద వేయించేవారు. అడవి వాసన తెలియకుండా అల్లం, వెల్లుల్లి, కారం దండిగా పట్టించేవారు. ఎక్కువ దొరికిన నాడు పొడవుగా చీల్చి, దండెం మీద ఎండేసి ఒట్టి తునకలు చేసి కుండలో దాచుకునేవారు. ఆ మాంసం తింటే ఒంటికి ఎక్కడలేని బలం వస్తుందని చెప్పేవారు ఇప్పటికీ ఉన్నారు. కొవ్వు తక్కువన్నది నిజమే గాని, మేకలో లేని మహత్తు దుప్పిలో ఏదీ లేదు.

అది పాత మాట. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మొదట్లో కొన్ని జంతువుల వేటకు లైసెన్సు ఇచ్చే వీలు ఆ చట్టంలోనే ఉండేది. 1991లో చేసిన సవరణతో అదీ పోయింది. కవ్వాల 1965లోనే అభయారణ్యం అయింది. 2012లో దానిని పులుల అభయారణ్యంగా ప్రకటించారు. తెలంగాణ ఏర్పడిన 2014లో జింకనే రాష్ట్ర జంతువుగా ఎంచుకున్నారు. తాతలు తిన్నారు కదా అన్న వాదన ఇప్పుడు ఏ మేజిస్ట్రేటు ముందూ నిలవదు.

పచ్చిదైనా, వండినదైనా

మాంసం అంటే ఏమిటో చట్టమే విడమరచి చెప్పింది. రక్తం, ఎముక, నరం, కొవ్వు, తోలుతో ఉన్న కండ, తోలు తీసిన కండ అన్నీ మాంసమే. పచ్చిదైనా, వండినదైనా ఒకటే. అంటే మూకుట్లో వేగుతున్న ముక్క, కుండలో దాచిన తునక, గిన్నె అడుగున మిగిలిన కూర అన్నీ పట్టుబడిన సొత్తే. వేటకు పోలేదు, ఉచ్చు పెట్టలేదు, డబ్బిచ్చి కొన్నాం అన్నంత మాత్రాన కేసు పోదు. దొంగసొత్తు కొన్నవానికీ బాధ్యత ఉన్నట్టే ఇక్కడా కొనడమూ, దగ్గర ఉంచుకోవడమూ నేరమే. పైగా మాంసం ఒకరి దగ్గర దొరికిందని రుజువైతే, అది నేరపు సొత్తు కాదని నిరూపించుకోవలసిన భారం వారి మీదే పడుతుంది. మామూలు కేసులకు ఇది పూర్తిగా తలకిందులు.

పోగు పంచుకున్న పది ఇళ్లలో ఒక్కరు నోరు జారితే చాలు, మిగిలిన తొమ్మిది ఇళ్ల తలుపులూ తడతారు. వారంటు లేకుండానే సోదా చేసే, అరెస్టు చేసే అధికారం అటవీ అధికారులకు ఉంది. మాంసం తెచ్చిన మోటారు సైకిలు సైతం సర్కారు పాలవుతుంది. సోదా వచ్చిన వేళ ఇంట్లో దొరికేది తరచు పొయ్యి దగ్గరి ఆడమనిషే. ముందుగా జవాబు చెప్పవలసి వచ్చేదీ ఆమే.

శిక్షల సంగతి చూస్తే, అభయారణ్యంలో వేటకు సంబంధించిన నేరమైతే మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల వరకు జైలు. మొదటి షెడ్యూలులో ఉన్న కృష్ణజింక, కొండగొర్రె వంటి వాటి మాంసమైతే అది అడవి బయట దొరికినా అంతే, ఆపైన 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా. మిగతా రక్షిత జంతువుల విషయంలో మూడేళ్ల వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. జరిమానాలను ఇంతగా పెంచిన 2022 నాటి సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. కిలో మాంసానికి ఇంత ఖరీదా అని ఎవరికైనా అనిపించవచ్చు. కాని చట్టం తూచేది కిలోలను కాదు.

వేయించిన తరువాత ఏ మాంసమో ఎవరు పోల్చగలరన్న ధీమా కొందరిలో ఉంది. హైదరాబాద్ అత్తాపూర్‌లో సీసీఎంబీ వారి లాకోన్స్ ప్రయోగశాల ఉన్నది అలాంటి పనులకే. ముక్కలోని డీఎన్ఏను బట్టి అది ఏ జాతి జంతువుదో అక్కడ తేలుస్తారు. వండిన మాంసం నుంచి కూడా జాతిని గుర్తించే వీలుంది. పసుపు, కారం దానిని దాచలేవు. ఇక మూకుట్లో వేగుతుండగా సెల్‌ఫోనులో ఫోటో తీసి గ్రూపుల్లో పెట్టేవారి సంగతి చెప్పేదేముంది, సాక్ష్యం వారే తయారు చేసి ఇస్తున్నారు!

అమెరికాలో ఉన్న మనవాళ్లు జింక మాంసం వేయించుకుని ఫోటోలు పంపుతున్నారు గదా అన్న ప్రశ్న కూడా వినవస్తున్నది. అక్కడి రాష్ట్రాలు ఏటా ఒక కాలం పెట్టి, లైసెన్సు మీద వేటకు అనుమతి ఇస్తాయి. అలా వేటాడిన మాంసాన్ని తినవచ్చు గాని, అంగట్లో అమ్మడం సాధారణంగా అక్కడా నేరమే. న్యూజిలాండులోనైతే జింకలను గొర్రెల మాదిరి మందలుగా పెంచి మాంసం ఎగుమతి చేస్తారు. ఆ చట్టం వేరు, ఈ చట్టం వేరు.

కరెంటు తీగ, విషపు కుంట

పోగు వెనుక ఉన్న వేట పద్ధతులు మరీ ప్రమాదకరం. కరెంటు లైను నుంచి కొక్కెం తగిలించి, దుప్పులు, పందులు నడిచే దారిలో మోకాలెత్తున తీగ లాగుతారు. రాత్రి చేనుకు నీళ్లు పెట్టబోయిన రైతు, తప్పిపోయిన ఎద్దును వెతకబోయిన పిల్లవాడు కూడా అదే దారిన నడుస్తారు. అలాంటి తీగలకు మనుషులు బలయ్యారు, ఈ ప్రాంతంలో పులులే చచ్చాయి. మరికొందరు నీటి గుంటల్లో యూరియా, పురుగుమందు కలుపుతారు. ఆ నీరు తాగి పడిపోయిన జంతువును కోసి పంచితే విషం పోగు వెంట ఇంటికే వస్తుంది.

చచ్చి పడివున్న దుప్పి దొరికింది గదా, చంపింది మనం కాదు గదా అని తెచ్చుకోవడం రెండు విధాలా పొరపాటు. ఆంత్రాక్స్ అనే దొమ్మరోగంతో చచ్చిన జంతువును కోస్తే ఆ కోసిన చేతికే పుండు పడుతుంది. చట్టం ప్రకారం కూడా చచ్చిన వన్యప్రాణి సర్కారు సొత్తు. బావిలో పడినదైనా, కుక్కలు తరిమి చంపినదైనా, లారీ కింద పడినదైనా సరే, చేతికి వస్తే 48 గంటల్లోగా దగ్గరి అటవీ కార్యాలయంలోనో, పోలీసు స్టేషనులోనో చెప్పాలి. ముట్టకుండా వెంటనే కబురు చేయడం ఇంకా మంచిది. ప్రాణంతో ఉన్న దుప్పి బావిలో కనబడితే కుక్కలను, జనాన్ని దూరం తోలి కబురు పెట్టాలి. జనం గుమిగూడితే బెదురుకే చచ్చేంత పిరికి జంతువది.

తునకలు మేకవి చాలు

ఇంతకూ నాలుక కోరేది ఆ వేపుడు పద్ధతినే అయితే, దానికి దుప్పే కానక్కరలేదు. మేక తొడ కండను కొవ్వు తీసేసి, వేలి మందాన పొడవుగా చీల్చి, ఉప్పు, పసుపు, కొద్దిగా కారం రాసి ఎర్రటి ఎండలో మూడు నాలుగు రోజులు ఆరవేస్తే చక్కని ఒట్టి తునకలు తయారవుతాయి. ఈగ వాలకుండా పలుచని గుడ్డ కప్పాలి, రాత్రిళ్లు మంచు తగలకుండా లోపల పెట్టుకోవాలి. లోపల తడి మిగిలితే పురుగు పడుతుంది గనుక, విరిస్తే పుటుక్కున విరిగే దాకా ఎండాలి. వండేనాడు గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి, మెత్తగా ఉడికించి, రోట్లో వేసి పోగులు విడేలా నాలుగు పోట్లు వేయాలి. ఆ తరువాత ఉల్లిగడ్డ, వెల్లుల్లి, ఎండుమిర్చి వేగిన నూనెలో సన్నని సెగ మీద వేయించుకోవాలి. ఉప్పు ముందే పట్టి ఉంటుంది గనుక చివర రుచి చూసి గాని మళ్లీ వేయకూడదు. కొందరు దీనిలోనే పుంటికూర వేస్తారు, చింతచిగురు దొరికే రోజుల్లో అది వేస్తారు. జొన్నరొట్టెకు రెండూ బాగుంటాయి.