అంధ విద్యార్థి పలక – ఉపాధ్యాయుని శిక్షణము

నల్లగొండ జిల్లాలో అంగవైకల్యమన్న మాట వినబడగానే అందఱికిని మొదట తోచునవి వంగిన కాళ్లు. మఱ్ఱిగూడ మొదలగు మండలములలో బావినీటియందలి ఫ్లోరైడు తరతరములవారి యెముకలను వంచివేసినది. నీటిలోని ఫ్లోరైడును పటికతోను సున్నముతోను తొలగించు ఒక విధానమునకు ‘నల్లగొండ పద్ధతి’ యని మన జిల్లా పేరే లోకమున స్థిరపడినది. నాగపూరునందలి జాతీయ పరిశోధనాలయమువారు 1970 తరువాతి దశాబ్దములో దానిని రూపొందించిరి. ఇప్పుడు కృష్ణానీరు గొట్టముల ద్వారా వచ్చుచున్నది గాని, వంగిన యెముక మరల చక్కబడదు. అందుచేత వికలాంగులకు సహాయమనగా మూడుచక్రముల బండియో చంకకఱ్ఱయో అని మనవారి తలంపు. బండి నిచ్చినవాడు ఇచ్చి వెళ్లినను, ఎక్కినవాడు త్రోలుకొనగలడు. కన్నులు లేని బాలుని సాధనముల సంగతి అట్టిది కాదు. వానిని గూర్చి నేను నేర్చుకొన్న కొలదియు, నేర్చుకొనకముందు చేసిన తప్పును ఇచ్చట వ్రాయుచున్నాను.

అంధుల లిపిని కనిపెట్టిన లూయీ బ్రెయిలు ఫ్రాన్సు దేశమున 1809వ సంవత్సరమున జీను కుట్టువాని యింట జన్మించెను. మూడేండ్ల ప్రాయమున తండ్రి పనిముట్లతో ఆడుకొనుచుండగా ఆరె కంట గ్రుచ్చుకొని, ఆ పుండు రెండవ కంటికిని వ్యాపించి, చూపు పూర్తిగా పోయెను. పారిసులోని అంధుల పాఠశాలలో చదువుచుండగా, బార్బియే యను సేనాధికారి కల్పించిన పండ్రెండు చుక్కల లిపి అతని చేతికి వచ్చెను. పండ్రెండు చుక్కలు ఒక్క వ్రేలికొనకు అందవు. బ్రెయిలు వానిని ఆఱింటికి తగ్గించి, 1824 నాటికి, అనగా పదునైదేండ్ల వయస్సున, తన లిపిని సిద్ధపఱచెను. ఆఱు చుక్కల కూర్పుచే అఱువదిమూడు రూపములు ఏర్పడును. మన దేశమున తొలుత ఒక్కొక్క ప్రాంతమునకు ఒక్కొక్క విధముగ నుండిన అంధలిపులు 1951లో ‘భారతీ బ్రెయిలు’ అను నొక్క పద్ధతికి వచ్చినవి. కావున తెలుగు ‘క’కును హిందీ ‘క’కును అవే చుక్కలు.

వ్రాయు విధము చిత్రమైనది. చిన్న గళ్లు గల పలకలో దళసరి కాగితమును బిగించి, స్టైలసుతో వెనుకనుండి గ్రుచ్చవలెను. చుక్కలు ఆవలివైపున ఉబ్బును. కాగితమును త్రిప్పి యెడమనుండి కుడికి చదువుదురు గనుక, వ్రాయునప్పుడు కుడినుండి యెడమకు, ప్రతి యక్షరమును అద్దములోవలె తలక్రిందు చేయక ప్రక్క మార్చి వ్రాయవలెను. తెలుగులో గుణింతపు గుర్తులు పైన క్రింద తగిలింపక, హల్లు తరువాత అచ్చునే వ్రాయుదురు. ఒత్తక్షరమునకు ముందు నాలుగవ చుక్కను పొల్లుగా పెట్టుదురు. ‘అమ్మ’ అనుటకు అ, పొల్లుచుక్క, మ, మ అని నాలుగు గళ్లు పట్టును.

ఈ నాలుగవ చుక్క నన్ను సిగ్గుపఱచినది. కొన్నేండ్ల క్రిందట నా యెనిమిదవ తరగతిలో ఒక బాలుడు చేరెను. రోగముచే చూపు పోయిన తరువాత కొన్ని వారములు మాత్రమే బ్రెయిలు నేర్చుకొని వచ్చినవాడు. పలకయు కాగితములును వెంట తెచ్చుకొనెను. అందఱితోపాటు వ్యాసములు వ్రాసి నా బల్లపై పెట్టెడివాడు. నాకు ఆ చుక్కలు తెలియవు. నోటితో అడిగి, చక్కగా చెప్పుచున్నాడని మార్కులు వేసి, ఆ కాగితములను బీరువాలో భూగోళ పుస్తకముల క్రింద పెట్టుచుంటిని. బరువునకు చుక్కలు అణగిపోవునని కూడ ఎఱుగను. సంవత్సరాంతమున వాడొకనాడు, “అయ్యగారూ, నా వ్రాతలో తప్పులేమైన ఉన్నవా?” అని యడిగెను. ఏ ఉత్తరము చెప్పుదును?

ఆ వేసవిలో మండలములోని భవిత కేంద్రమునకు పోయి, అచ్చటి ఉపాధ్యాయురాలివద్ద వర్ణమాల మొదలుకొని నేర్చుకొంటిని. మూడు వారములకు కంటితో చదువుట వచ్చెను. (వ్రేలితో చదువుట నాకు నేటికిని రాలేదు, ఉపాధ్యాయునికి అది అవశ్యము కాదు.) అణగని కాగితములు కొన్ని తీసి చూచితిని. ‘అమ్మ’ అని యుండవలసినచోట ‘అమమ’, ‘పుస్తకము’ అని యుండవలసినచోట ‘పుసతకము’. ఏడాది పొడవున ఒక్క పొల్లుచుక్కయు లేదు. నేర్పిన కొలది వారములలో ఆ పాఠము వానికి అందలేదు కాబోలు. చూపు గల బాలుడు మొదటివారమున ఒత్తు మఱచినయెడల ఎఱ్ఱసిరాతో సున్న చుట్టియుందును గదా!

నేను చదివిన శిక్షణ కళాశాలలో పెస్తాలజీ, ఫ్రోబెలుల సిద్ధాంతములు కంఠస్థము చేయించిరి గాని, ఒక బ్రెయిలు పలకను చూపినవారు లేరు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము బ్రెయిలు, సంజ్ఞాభాషలయందు అర్హులైన ఉపాధ్యాయులను తయారుచేసి నియమింపవలెనని చెప్పుచున్నది. మహబూబ్‌నగరమున అంధులకును, మిర్యాలగూడెమున బధిరులకును ప్రభుత్వ వసతి పాఠశాలలు కలవు. అయినను ఇంటివద్దనుండి సాధారణ పాఠశాలకు వచ్చు బాలునికి దినమంతయు ఎదుట నుండువాడు తరగతి ఉపాధ్యాయుడే. భవిత కేంద్రపు ఉపాధ్యాయురాలు మండలమంతయు తిరుగవలసినది.

కంప్యూటరు వచ్చినది గదా, బ్రెయిలుతో పనియేమి అనువారు కలరు. తెరపై అక్షరములను బిగ్గరగ చదువు ‘ఎన్‌వీడీఏ’ అను ఉచిత సాధనమును ఆస్ట్రేలియా దేశపు అంధ యువకులిద్దఱు 2006లో ఆరంభించిరి. అది తెలుగును గూడ చదువును. అయితే మనము ప్రశ్నపత్రములను అను లిపిలో కొట్టించినయెడల దానికి తెలుగే కానరాదు. అర్థములేని ఆంగ్లాక్షరములను గుర్తులను వల్లించును. పుటను ఫొటో తీసి పంపినయెడల, సామాన్యముగా మౌనము వహించును. యూనికోడులో కొట్టిన పత్రమును మాత్రము తడబడక చదువును. ఇంత చిన్న సంగతి మా గుమాస్తాకును నాకును తెలియక ఒక త్రైమాసిక పరీక్ష వ్యర్థమైనది. పైగా చెవితో విన్నవానికి ‘అమ్మ’లో ఒత్తున్నదో లేదో చేతికి తెలియదు, వర్ణక్రమము నేర్చుటకు చుక్కలే కావలెను.

వినికిడి యంత్రము విషయమును ఒక్క మాటతో ముగింతును. దాని బిళ్లబ్యాటరీపై నున్న కాగితపు ముక్కను ఊడదీసిన క్షణమునుండి, వాడినను వాడకున్నను, అది తఱుగుచునే యుండును. కావున ముందుగా ఊడదీసి దాచరాదు. నల్లబల్లవైపు తిరిగి మాటలాడు ఉపాధ్యాయుని పెదవులు ఆ బిడ్డకు కనబడవు.

మరుసటి యేట ఆ బాలునికి దిద్దిన తొలి వ్యాసమును తిరిగి ఇచ్చుచు, నా చేతితో బ్రెయిలులో నాలుగు పంక్తులు వ్రాసి జతపఱచితిని. వాడు వ్రేళ్లతో తడవి, నవ్వు నాపుకొని, “అయ్యగారూ, రెండవ పంక్తి ప్రక్క మార్చకుండ వ్రాసినారు” అనెను. ఆ పంక్తిని అప్పుడే తిరుగ వ్రాసి యిచ్చితిని. ప్రస్తుతము ఉపాధ్యాయుల గదిలో పలకలు నాలుగు, స్టైలసులు ఆఱు కలవు. శనివారము చివరి గంట తరువాత మేము ముగ్గురము కూర్చుండి అభ్యసించుచున్నాము. నాలుగవ పలక ఖాళీగా నున్నది.